వేలిముద్ర పడిన చోట

2019 ఎండాకాలంలో మా పెద్దమ్మ ఒక కాగితం మీద వేలిముద్ర వేసింది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి. పెదనాయనకు పక్షవాతం వచ్చి అప్పటికి ఆరేండ్లు. ఊపిరాడటం లేదని తీసుకొచ్చాక పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉంచారు. దిండి పక్కనున్న రెండెకరాల చెలక అమ్ముడుపోయింది. పన్నెండో రోజు డాక్టరు పిలిచి, "ఇంక చేసేదేమీ లేదు. ఉంచుతారా, తీసుకపోతారా, మీ ఇష్టం" అన్నాడు. కొడుకులిద్దరూ డబ్బుల కోసం ఊరికి పోయి ఉన్నారు. ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. వైద్యుల సలహాకు విరుద్ధంగా, సొంత బాధ్యత మీద రోగిని తీసుకుపోతున్నామని దాని సారాంశం. తీసుకుపొమ్మన్నది వాళ్లే, మా సలహాకు విరుద్ధమని రాయించుకున్నదీ వాళ్లే. నేను చదివి చెప్తే పెద్దమ్మ ఒక్కటే అడిగింది: "బిడ్డా, గిండ్ల నేను సంపినట్టు రాసిండ్రా?"

లేదన్నాను. ఆమనగల్లు దాటాక అంబులెన్సులోనే ప్రాణం పోయింది. దినాలనాడు ఎవరో అననే అన్నారు, "పెండ్లామే పైపు పీకిచ్చిందట" అని. ఆరేండ్లు ఎత్తి దించి, కడిగి తుడిచి, గంజి తాగించిన చేతుల గురించి ఎవరూ ఏమీ అనలేదు. వేలిముద్ర వేసిన వేలు ఒక్కటే అందరికీ గుర్తుంది.

నాకు చట్టం చదువు లేదు, సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. కానీ పెద్దమ్మ ప్రశ్న నన్ను తీర్పుల దగ్గరికి తీసుకెళ్లింది. తీర్పును కూడా కథ చదివినట్టే చదవొచ్చు. అందులో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి గురించి మాట్లాడుతున్నారు, ఎవరినీ అడగకుండానే ఏం తేల్చేశారు అని చూడొచ్చు. మన దేశంలో మరణం గురించి కోర్టులు చెప్పిన మాటలన్నీ వరసగా పెట్టుకుని చూస్తే, ప్రతి మలుపులోనూ ఒక స్త్రీ కనిపించింది. అర్జీదారుగానో, హతురాలుగానో, న్యాయమూర్తిగానో, మంచం మీద పడి ఉన్న మనిషిగానో. కానీ ఆ మంచం పక్కన కూచున్న స్త్రీ గురించి ఆ తీర్పులు చెప్పేది చాలా తక్కువ.

1987తో మొదలుపెడతాను. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికిన మనిషికి ఏడాది వరకు జైలు వేయవచ్చన్న 309వ సెక్షన్ రాజ్యాంగబద్ధమేనా అన్న ప్రశ్న అప్పుడు దేశంలో నలుగుతోంది. ముందు ఏడాదే బొంబాయి హైకోర్టు ఆ సెక్షన్ చెల్లదంది. చెన్న జగదీశ్వర్ కేసులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెల్లుతుందంది. ధర్మాసనం తరఫున ఆ తీర్పు చెప్పినది జస్టిస్ అమరేశ్వరి, ఆ హైకోర్టులో మొదటి మహిళా న్యాయమూర్తి. ఆదరణ, సంరక్షణ కావలసిన మనుషుల పట్ల అనవసరపు కాఠిన్యం చూపకుండా ఉండే విచక్షణ కోర్టులకు ఎలాగూ ఉందన్నది ఆమె వాదనలో ఒక భాగం. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సంరక్షణ కావాలన్న సంగతి తీర్పుకు తెలుసు. అది ఎవరు చేస్తారన్నది మాత్రం కోర్టు ముందున్న ప్రశ్న కాదు.

అదే 1987 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని దేవరాలాలో రూప్ కన్వర్ భర్త చితి మీద కాలిపోయింది. ఆమె ఇష్టపడే ఎక్కిందన్నవాళ్లు వేలమంది. చావు ఆమె ఇష్టమన్న మాటను ఆ రోజు స్త్రీవాదులెవరూ ఒప్పుకోలేదు. రాజ్యం వచ్చి అడ్డుకోవాలన్నాం, సతిని కీర్తించడాన్ని కూడా నేరం చేయాలన్నాం. చట్టం వచ్చింది. ఆ పోరాటం చేసిన తరం నాకు పాఠం చెప్పిన తరం. అందుకే 'నా చావు నా ఇష్టం' అన్న వాక్యం వినగానే నాలో సగం తల ఊపుతుంది, సగం అనుమానపడుతుంది. ఇంట్లో స్త్రీ ఇష్టం అనే దాంట్లో ఎవరెవరి ఇష్టాలు కలిసి ఉంటాయో మనకు తెలుసు.

1994లో సుప్రీంకోర్టు ఆ 309వ సెక్షన్‌ను కొట్టేసింది. ఆ కేసులో అర్జీ పెట్టుకున్న ఇద్దరిలో ఒకరు నాగభూషణ్ పట్నాయక్. శ్రీకాకుళ పోరాటంలో పాల్గొని, ఉరిశిక్ష పడితే క్షమాభిక్ష కోరనన్న మనిషి. రాజ్యం చంపుతానన్నప్పుడు లొంగని వ్యక్తే, చావబోతే శిక్షిస్తానన్న రాజ్యాన్ని కూడా ప్రశ్నించాడు. జీవించే హక్కులో జీవించకుండా ఉండే హక్కు కూడా ఉందని ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అంది.

ఆ తీర్పు రెండేళ్లు కూడా నిలవలేదు. దాన్ని పడగొట్టిన కేసు ఏమిటో చాలామందికి గుర్తుండదు. జ్ఞాన్ కౌర్, ఆమె భర్త తమ కోడలిని ఆత్మహత్యకు పురికొల్పారని శిక్షపడ్డ అత్తామామలు. ఆత్మహత్య హక్కే అయినప్పుడు దానికి సాయపడటం నేరం ఎలా అవుతుందన్నది వాళ్ల వాదన. స్వేచ్ఛ గురించిన తీర్పు కోడలి చావును కప్పిపెట్టే దుప్పటి అవబోయింది. 1996 మార్చి 21న అయిదుగురు న్యాయమూర్తులు ఆ వాదనను తోసిపుచ్చారు. చచ్చే హక్కు లేదన్నారు. అయితే గౌరవంగా జీవించే హక్కు గౌరవంగా మరణించే దాకా సాగుతుందని, ఎలాగూ మొదలైన మరణాన్ని సాగదీయకపోవడం వేరే సంగతని ఒక వాకిలి తెరిచి ఉంచారు. తర్వాత మన దేశంలో వెంటిలేటర్ల గురించి, ట్యూబుల గురించి వచ్చిన తీర్పులు ఆ వాకిట్లోంచి నడిచాయి. ఆ వాకిలికి పునాది ఒక కోడలి చావు.

రాజ్యాధికారానికి హద్దు ఎక్కడ అన్న చర్చను నేను ఇక్కడినుంచే చూస్తాను. రాజ్యం ఇంట్లోకి రావొద్దన్న మాట ఎప్పుడూ స్త్రీ పక్షానే ఉండదు. అలాగని రాజ్యం వచ్చిన ప్రతిసారీ ఆమె కోసమే రాదు.

2004 డిసెంబరులో హైదరాబాద్‌లో జరిగింది తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. వెంకటేశ్ వయసు ఇరవై అయిదు. చదరంగం ఆటగాడు. కండరాలు ఒక్కొక్కటే పనిచేయడం మానేసే డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ అతని జబ్బు. అది ముదిరి గుండెనూ ఊపిరినీ కూడా పట్టుకుంటుంది. వెంటిలేటర్ మీద ఉన్న అతను తన అవయవాలు పాడుకాకముందే తీసి ఇతరులకు ఇవ్వమన్నాడు. తల్లి సుజాత ఆ కోరికను పట్టుకుని హైకోర్టుకు వెళ్లింది. అవయవ మార్పిడి చట్టం ప్రకారం మెదడు చనిపోయిందని వైద్యులు నిర్ధారించాకే అవయవాలు తీయాలి. వెంకటేశ్ మెదడు బతికే ఉంది. నిజానికి అతనిలో పూర్తిగా పనిచేస్తున్నది అదే. కోర్టు కుదరదంది. డిసెంబరు 17న అతను చనిపోయాడు.

ఆ తీర్పు తప్పని నేను అనలేను. బతికున్న మనిషి అవయవాలు తీయడానికి కోర్టు ఒక్కసారి దారి ఇస్తే, ఆ దారిలో ఎవరెవరిని నడిపిస్తారో ఊహించడం కష్టం కాదు. మూత్రపిండాల వ్యాపారం చూసిన రాష్ట్రం మనది. పేదవాడి కన్నా ముందు పేదవాడి భార్య ఆ బల్ల మీద పడుకోవలసి వస్తుంది. కాబట్టి ఆ హద్దు అవసరమే. నాకు అభ్యంతరం మరో దగ్గర. పత్రికలు సుజాతను మహాతల్లిని చేశాయి. 2022లో ఆ కథ ఆధారంగా 'సలామ్ వెంకీ' అనే హిందీ సినిమా కూడా వచ్చింది. కొడుకు చావు కోరుకోగలిగిన తల్లి ఎంత గొప్పదో అని అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. ఇలాంటి జబ్బున్న బిడ్డను ఎత్తుకుని ఇరవై ఏళ్లు గడిపే తల్లికి రాజ్యం ఏ సాయం అందించిందని అడగడం మాత్రం ఆ కన్నీళ్లలో కలిసిపోయింది. మహాతల్లి అన్న బిరుదు ఇచ్చేస్తే ఇంక పింఛనూ, మనిషి సాయమూ ఇవ్వనక్కర్లేదు.

సరిగ్గా ఆ నెలల్లోనే అమెరికాలోని ఫ్లోరిడాలో దీనికి తలకిందులైన కథ నడిచింది. టెరీ షైవో 1990 నుంచి స్పృహలేని స్థితిలో ఉంది. ఆహారం ఇచ్చే ట్యూబు తీసేయాలని భర్త, వద్దని తల్లిదండ్రులు ఏళ్ల తరబడి కోర్టుల్లో ఉన్నారు. ఆమె కోరుకునేది తీసేయడమేనని కోర్టు తేల్చాక, 2003లో ఫ్లోరిడా శాసనసభ గవర్నరుకు ఆ ట్యూబు తిరిగి పెట్టించే అధికారం ఇస్తూ ఆమె కోసమే ఒక చట్టం చేసింది. 2004 సెప్టెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టు తేల్చిన విషయాన్ని ప్రభుత్వం తిరగదోడకూడదంది. 2005 మార్చిలో అమెరికా కాంగ్రెస్ కూడా రాత్రికి రాత్రి చట్టం చేసింది. అదీ ఫలించలేదు. మార్చి 31న ఆమె పోయింది. అక్కడ ప్రభుత్వం ఒక స్త్రీ శరీరం మీద ఎన్నికల ప్రసంగం చేయబోతే కోర్టు అడ్డుపడింది. ఒక గవర్నరు, ఒక పార్లమెంటు ఇంత శ్రద్ధ పెట్టింది ఆమె ట్యూబు మీదే.

మనకు షైవో వంటి కేసు 2011లో వచ్చింది. అరుణా షాన్‌బాగ్ బొంబాయి కేఈఎం ఆస్పత్రిలో నర్సు. 1973 నవంబరులో అదే ఆస్పత్రిలో పనిచేసే ఒక మగవాడు ఆమె మెడకు కుక్క గొలుసు బిగించి అత్యాచారం చేశాడు. మెదడు దెబ్బతిని ఆమె మళ్లీ మామూలు మనిషి కాలేదు. ఆమెను చావనివ్వమని రచయిత్రి పింకీ విరానీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆస్పత్రి నర్సులు ఒప్పుకోలేదు. తరాలు మారినా వాళ్లే ఆమెకు తినిపించారు, వాళ్లే కడిగారు. మార్చి 7న కోర్టు విరానీ అర్జీని కొట్టేసింది. కానీ కొన్ని పరిస్థితుల్లో చికిత్స ఆపవచ్చని, దానికి ప్రతిసారీ హైకోర్టు అనుమతి ఉండాలని చెప్పింది. అరుణ 2015 మే 18 వరకు బతికింది.

ఆ తీర్పు గురించి స్త్రీల మధ్యే వాదన జరిగింది. నేను ఇద్దరి పక్షానా ఉన్నాను. ఆమె బాధను లోకానికి చెప్పింది విరానీ, ఆ శరీరాన్ని మోసింది నర్సులు. చేసేవాళ్లకే నిర్ణయంలో మొదటి మాట ఉండాలని కోర్టు అనడం నాకు నచ్చింది. మన చట్ట చరిత్రలో సంరక్షణ చేసిన చేతులకు అంత విలువ ఇచ్చిన సందర్భాలు అరుదు. అదే తీర్పులో 'పేరెన్స్ పేట్రియే' అన్న లాటిన్ మాట కూడా ఉంది. తనను తాను చూసుకోలేని ప్రజలకు రాజే తల్లిదండ్రి అన్న పాత ఆంగ్ల సూత్రం అది. ఆ అధికారంతోనే హైకోర్టు ఆఖరి మాట చెప్తుందన్నారు. ఆ సూత్రం తల్లిదండ్రి అంటుంది గాని అందులో నాకు కనిపించింది తండ్రి ఒక్కడే. ఇంట్లో తండ్రి కూడా అంతే కదా. రాత్రి లేచి గుడ్డ మార్చడు, పొద్దున లేచి నిర్ణయం చెప్తాడు.

తర్వాత ఆ తండ్రి కొంచెం కొంచెం వెనక్కు తగ్గుతూ వచ్చాడు. 2017లో గోప్యత హక్కు మీద తొమ్మిదిమంది న్యాయమూర్తుల తీర్పు వచ్చింది. అందులో మన తెలుగువాడైన జస్టిస్ చలమేశ్వర్ రాసిన భాగంలో రెండు సంగతులు పక్కపక్కన ఉంటాయి. బిడ్డను కనాలా వద్దా అని స్త్రీ నిర్ణయించుకునే స్వేచ్ఛ ఒకటి, ఆయువును సాగదీసే చికిత్స వద్దనే స్వేచ్ఛ మరొకటి. రెండూ గోప్యత కిందికే వస్తాయన్నారు. గర్భం మీద హక్కు కోసం మనం చేసిన వాదనే మరణశయ్య దగ్గర కూడా పనికొచ్చిందని నేను గర్వపడ్డాను. 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తులు ముందస్తు వీలునామాను గుర్తించారు. స్పృహ ఉన్నప్పుడే, నాకు ఫలానా చికిత్స వద్దని రాసిపెట్టుకోవచ్చు. కానీ దాని మీద మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. అమలు చేసేముందు మేజిస్ట్రేటు మళ్లీ ఆస్పత్రికి వచ్చి చూడాలన్నారు. ఆచరణలో అది సాగేది కాదని వైద్యులే వెళ్లి మొరపెట్టుకున్నారు. 2023 జనవరి 24న కోర్టు సడలించింది. ఇద్దరు సాక్షులతో పాటు నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ చాలు. చికిత్స ఆపాలంటే ఆస్పత్రిలో ఒక వైద్య బోర్డు, దాన్ని మళ్లీ చూడటానికి ఇంకొక బోర్డు. వీలయితే 48 గంటల్లో తేల్చాలి. మేజిస్ట్రేటుకు తెలియజేస్తే సరిపోతుంది. వీలునామా లేకపోయినా దగ్గరి బంధువుల అంగీకారంతో ఇదే పద్ధతి. అభిప్రాయభేదం వస్తేనే హైకోర్టు. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేరశిక్షాస్మృతిలో 309వ సెక్షన్ కూడా లేదు.

మా పెద్దమ్మ వేలిముద్ర వేసింది 2018 తీర్పు వచ్చిన ఏడాది తర్వాత. ఆ ఆస్పత్రిలో ఎవరూ బోర్డు అన్న మాట ఎత్తలేదు. అంత పెద్ద ధర్మాసనం అంత వివరంగా గీసిన పద్ధతి, మా దగ్గరికి వచ్చేసరికి 'మీ ఇష్టం' అన్న రెండు మాటలయింది. కోర్టు సంరక్షణ కోసం పెట్టిన బోర్డుల చోట ఒక ఇంగ్లీషు కాగితం, కింద చదువురాని స్త్రీ వేలు.

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పుట్టినవాళ్లకు రాజ్యం ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్న కొంచెం వింతగానే వినిపిస్తుంది. అది మా దగ్గరికి వచ్చినప్పుడు కదా ఆగడం! 1996లో, జ్ఞాన్ కౌర్ తీర్పు వచ్చిన ఆ ఏడే, నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీ చేశారు. గెలవడానికి కాదు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన ఎముకల్ని దేశం చూడాలని. పుస్తకమంత బ్యాలెట్ పత్రం అచ్చువేయలేక ఎన్నికే వాయిదా పడింది. 2003లో మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన ఒక బాధితుణ్ని ఢిల్లీ తీసుకెళ్లి ప్రధాని వాజ్‌పేయి ముందు బల్ల మీద పడుకోబెట్టారు. ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరుంది. పేరు ప్రపంచమంతా తిరిగింది గాని మంచినీళ్లు మర్రిగూడ చేరడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. వంగిన ఎముకలు మాత్రం వంగే ఉన్నాయి. వాటిని ముప్పై ఏండ్లు, నలభై ఏండ్లు ఎత్తి దించిన తల్లులు, వదినెలు, అక్కలు ఉన్నారు. వాళ్లు ఏ కోర్టుకూ పోలేదు.

పోయినవాళ్లు ఏమడిగారో కూడా చూడాలి. 2016లో చిత్తూరు జిల్లాలో కాలేయం పాడైన పసిపాపకు కారుణ్య మరణం ప్రసాదించమని తల్లిదండ్రులు తంబళ్లపల్లె కోర్టుకు అర్జీ పెట్టుకున్నారు. కోర్టు తీసుకోలేదు. వార్త అయ్యాక ప్రభుత్వం చికిత్స ఖర్చు భరిస్తానంది. పాపకు కాలేయ మార్పిడి జరిగింది. అంటే వాళ్లు అడిగింది చావు కాదు, మందు. మందు అడిగితే వినే చోటు లేదు కనక చావు అనే మాటతో తలుపు తట్టారు. చావు అడిగితేనే రాజ్యం తల తిప్పి చూస్తుందని బీదవాళ్లు కనిపెట్టారు.

2007లో ఆరోగ్యశ్రీని మొదటిసారి మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. దానివల్ల బతికినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు, కాదనను. కానీ అది ఆపరేషన్ల లెక్క. ఆపరేషన్ లేని జబ్బుకు, ఇక నయంకాని మనిషికి ఆ లెక్కలో చోటు తక్కువ. నొప్పికి మార్ఫిన్, పుండ్లు కాకుండా పక్క మార్చే నర్సు, చూసుకునే మనిషికి నెలకు రెండు రోజుల విరామం ఇవన్నీ కూడా చికిత్సే. మార్ఫిన్ దొరకడం కొంచెం సులువు చేస్తూ మత్తుమందుల చట్టాన్ని సవరించింది 2014లో. కేరళ 2008లోనే ఉపశమన వైద్యానికి ప్రత్యేక విధానం రాసుకుని ఊరూరికీ ఇంటింటికీ నర్సులను పంపింది. తెలంగాణలోనూ కొన్ని జిల్లా ఆస్పత్రుల్లో అలాంటి కేంద్రాలు వచ్చాయి. కొడుకులు బొంబాయికో పూణేకో పనికి పోగా, ఇంటి దగ్గర ముసలాయనతో ముసలామె ఒక్కతే మిగిలిన పాలమూరు పల్లెకు అవి ఇంకా దూరమే.

అందుకే హద్దు గురించి నా మాట ఇది. ఒక మనిషి చావును ఇంకొకరు నిర్ణయిస్తున్నారన్న అనుమానం ఉన్న ప్రతి చోటా రాజ్యం లోపలికి రావాలి. కోడలి గదిలోకి, విధవ చితి దగ్గరికి, ఆస్తి పంపకాల తొందరలో ఉన్న ఇంటి వెంటిలేటర్ దగ్గరికి కూడా. ఆ మనిషి తన మాట తాను చెప్పుకున్నప్పుడు, వైద్యం చేతులెత్తేసినప్పుడు అది వెనక్కు తగ్గాలి. రెండింటి మధ్య ఉన్న ఏళ్లలో అది చేతులు కట్టుకుని నిలబడటానికి వీల్లేదు. వద్దని చెప్పే అధికారం కావాలనుకునేవాళ్లు మోసే పనిలో కూడా వంతు తీసుకోవాలి. మోసే పని చేయని రాజ్యానికి చివరి రోజున వద్దనే నైతిక బలం ఎక్కడినుంచి వస్తుంది?

ఈ వ్యాసం రాయడానికి ముందు నేను ముందస్తు వీలునామా ఒకటి తెలుగులో రాసుకున్నాను. చికిత్స ఎక్కడ ఆపాలో రాశాను. ఆ నిర్ణయం నాదని, దగ్గరున్న స్త్రీ మీద ఎవరూ వేలు పెట్టి చూపొద్దని కూడా రాశాను. చివరి వాక్యానికి చట్టంలో విలువ లేదని నోటరీ చెప్పాడు. ఉంచమన్నాను.

పోయిన దసరాకు ఊరికి పోయినప్పుడు పెద్దమ్మకు అది చదివి వినిపించాను. విన్నది. "మంచిగనే రాసినవు" అంది. కాసేపాగి, "నాది గూడ గట్లనే రాయి బిడ్డా. కాకపోతే ఏలు కాదు, సంతకం జేస్త. పేరు రాసుడు నేర్పియ్యి" అంది.

ఆమెకు డెబ్బై రెండేళ్లు. పలక కొన్నాం.